కారుకొక పెద్ద దిక్కు

నేను జిల్లాలోకెల్లా ఉత్తమ డ్రైవరునన్న సంగతి నాకు అరవై మూడో ఏట తెలిసింది. అప్పటికి నేను ఒక్కసారైనా స్టీరింగు పట్టుకుని ఎరగను. ఈ రెండు వాక్యాలకూ పొంతన లేదని మీకు అనిపించవచ్చు. యువ చోదక భద్రతా మండలి వారికి మాత్రం అలా అనిపించలేదు.

నా పేరు చలపతి. ఏలూరులో హైస్కూలు పిల్లలకు సోషల్ చెప్పి రిటైరయ్యాను. పెళ్లయిన కొత్తలో గ్యాస్ కనెక్షన్ కోసం వెళితే చిరునామాకు రుజువు తెమ్మన్నారు. రేషన్ కార్డేమో మా నాన్న పేరు మీద ఉంది. మా స్కూలు డ్రిల్లు మాస్టారు, "డ్రైవింగ్ లైసెన్సు తీసేసుకోండి, అన్నిటికంటే తేలిక" అని ఒక బ్రోకరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఫొటో ఇచ్చాను, సంతకం పెట్టాను. లైసెన్సు వచ్చింది, దాని వెనకే గ్యాస్ వచ్చింది, పొయ్యి వెలిగింది. ఆ పొయ్యి మీద కాచిన కాఫీ తాగిన కృతజ్ఞతతో లైసెన్సును కాలం తీరినప్పుడల్లా రెన్యూ చేయిస్తూ వచ్చాను తప్ప, దానితో కారు కూడా నడపవచ్చన్న ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు.

మా అక్క రాజ్యలక్ష్మి కూతురు సంహిత సంగతి వేరు. ఇరవై రెండేళ్ల పిల్ల. లైసెన్సు తీసుకుని ఎనిమిది నెలలే అయినా కారు నడుపుతుంటే వెనక కూర్చున్నవాళ్లకు నిద్ర పడుతుంది. చెవులు పరీక్షించే చదువు చదివింది. ఒక ట్రస్టు ఆసుపత్రి వాళ్లు ఉద్యోగం ఇచ్చారు. చుట్టుపక్కల పల్లెల్లో బడులకు వెళ్లి పిల్లలకు వినికిడి పరీక్ష చెయ్యాలి. ఆ మిషను నాజూకైనది. బస్సులో కుదుపులకు ఆగదు, స్కూటీ మీద పట్టదు. అందుకని ఆసుపత్రి వాళ్లు ఒకటే షరతు పెట్టారు. ఒకటో తారీఖున మొదటి క్యాంపు. ఆ వేళకు సొంత కారు, దానికి ఇన్సూరెన్సు ఉండాలి. లేదంటే ఉద్యోగం వరసలో ఉన్న రెండో అమ్మాయికి వెళ్లిపోతుంది. మా బావ పనిచేసే మిల్లు మూతపడి ఏడాది దాటింది. ఆ ఇంట్లో ఈ ఉద్యోగం మీద ఎంతమంది కళ్లు ఉన్నాయో నేను చెప్పక్కర్లేదు.

కారు కొంటున్నామని మా వీధిలో ఒక్కరికి చెప్పాం. మర్నాటికి అందరూ వచ్చారు. ఒకాయన డీజిలన్నాడు, ఒకాయన డీజిలంటే మళ్లీ నా గుమ్మం తొక్కొద్దన్నాడు. ఎర్ర రంగు అచ్చిరాదని ఒకావిడ, అమ్మేటప్పుడు ధర పలకాలంటే తెలుపే ఉండాలని ఇంకొకావిడ. ఇంకా కొననే లేదు, అమ్మేటప్పటి బెంగ మొదలైంది. ఆడపిల్లకి కారెందుకని అడగడానికి వచ్చినవాళ్లు కూడా రెండు ఇడ్లీలు ఎక్కువే తిని వెళ్లారు.

సంహిత అందరి మాటా విని, చివరికి తన మాట చెప్పింది.

"నాకు చిన్న కారు చాలు మావయ్యా. మన సందులో తిరగాలి, సీఎన్‌జీ మీద నడవాలి, ఇన్సూరెన్సు తక్కువ పడాలి. అంతే."

బైపాసు రోడ్డులో పాత కార్లు అమ్మే మస్తాన్ దగ్గర అచ్చం అలాంటిదే దొరికింది. తెల్లటి చిన్న బండి. డిక్కీ నిండా గ్యాస్ సిలిండరు ఉంది కాబట్టి సామాను పెట్టుకోవడానికి చోటు లేదు. హ్యాండ్ బ్రేకు ఉందన్న పేరే గాని పట్టదు.

"సింగిల్ ఓనరండి. డాక్టరుగారి బండి," అన్నాడు మస్తాన్.

మన దేశంలో సెకండ్ హ్యాండ్ కారు ఏదైనా డాక్టరుగారిదే. పేషెంట్ల కార్లన్నీ ఎక్కడికి పోతున్నాయో ఎవరికీ తెలియదు. సంహిత బానెట్ ఎత్తి చూసింది, కింద పడుకుని చూసింది, రెండు వీధులు తిప్పి చూసింది. "మిషను వెనక సీట్లో పెట్టి బెల్టు కడతా. హ్యాండ్ బ్రేకు బాగయ్యేదాకా గేర్లో పెట్టి ఆపుకుంటా. ఇది చాలు," అంది. బేరం కుదిరింది. ఇక మిగిలింది ఇన్సూరెన్సే గదా అనుకున్నాం.

సరిగ్గా అప్పుడే మండలి పుట్టింది. ఎవరో పెద్దమనిషి విదేశీ యాత్రకు వెళ్లి, అక్కడ ఇన్సూరెన్సు కారును చూసి కాక నడిపేవాణ్ణి చూసి కడతారని కనిపెట్టి వచ్చాడట. మనవాళ్లకు విదేశాల నుంచి ఏదైనా తెస్తే ఉన్నదాని కంటే నాలుగు రెట్లు వాడితే గాని తృప్తి ఉండదు. లైసెన్సు మీద మచ్చలేని ఐదేళ్లు నిండనివాళ్లు నడిపే ఏ కారుకైనా సరే, మండలి ఇచ్చే ప్రమాద గ్రేడు లేకుండా ఏ కంపెనీ పాలసీ ఇవ్వకూడదని ఉత్తర్వు వచ్చింది. గ్రేడులు 'అ' నుంచి 'క్ష' దాకా.

మండలి జిల్లా అధికారి పినాకపాణి గారు చాలా మర్యాదస్తుడు. ఆయన నోటి వెంట మామూలు మాట ఒక పట్టాన రాదు. మమ్మల్ని కూర్చోబెట్టి, సంహిత లైసెన్సును రెండు వైపులా తిప్పి చూసి గొంతు సవరించుకున్నారు.

"పూర్వాపరాలు కూలంకషంగా పరిశీలించిన మీదట, సదరు చోదకురాలిని 'క్ష' గ్రేడులో చేర్చడమైనది."

"ఎందుకు సార్? ఇంతవరకూ నా చేతిలో బండికి గీత కూడా పడలేదు," అంది సంహిత.

"అదేనమ్మా ప్రమాద సూచన. ఇంతవరకూ జరగలేదంటే ఇక జరగబోతున్నదని మా శాస్త్రం చెబుతోంది."

'క్ష' గ్రేడుకు ప్రీమియం ఎంతో విన్నాక, ఆ డబ్బుతో అలాంటి కారు ఇంకోటి కొనవచ్చని నాకు అర్థమైంది. నా మొహం చూసి ఆయనకు జాలి వేసినట్టుంది.

"నిరాశ చెందనవసరం లేదు. పెద్ద దిక్కు సౌకర్యం ఉన్నది. యువ చోదకుల పక్కన నిష్కళంక చరిత్ర గల లైసెన్సుదారు ఒకరు ఆసీనులైన యెడల ప్రీమియం గణనీయంగా తగ్గుతుంది. తమకు లైసెన్సు ఉన్నదా మాస్టారూ?"

ఉందన్నాను. చూపించాను. ఆయన కంప్యూటరులో ఏవో నొక్కి, ఒక్కసారి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ముప్పై ఐదేళ్లు! ఒక్క ప్రమాదం లేదు! ఒక్క చలానా లేదు! మాస్టారూ, తమరు 'అ' గ్రేడు. జిల్లాలో తమరే ప్రథములు."

"నేనసలు కారు నడపనండి," అన్నాను.

"నడపకపోవడం ఏ నిబంధనకూ విరుద్ధం కాదు."

"నడపకపోతే ప్రమాదం ఎలా జరుగుతుందండి?"

"అదే మేమూ అంటున్నది! ముప్పై ఐదేళ్లు జరగలేదంటే ఇక జరగదని మా శాస్త్రం చెబుతోంది."

ఎనిమిది నెలలు జరగకపోతే జరగబోతుందని, ముప్పై ఐదేళ్లు జరగకపోతే జరగదని చెప్పే శాస్త్రం ఎప్పుడు మనసు మార్చుకుంటుందో అడుగుదామనుకున్నాను. కాని ఉత్తమ డ్రైవరు అనిపించుకున్న కొత్త. ఆ ముచ్చట కాసేపు ఉండనిద్దామని ఊరుకున్నాను.

సంహిత ఊరుకోలేదు. "అయితే పెద్ద దిక్కు అంటే పెద్దవాళ్లన్నమాట. ఎంత వయసుండాలి సార్?"

పినాకపాణి గారు నొచ్చుకున్నారు. "వయసు అన్న మాట మా నిబంధనల్లో కనబడదమ్మా. వయసును బట్టి వివక్ష చూపిస్తే కోర్టులు ఊరుకుంటాయా? ఎవరి చరిత్ర ఎక్కువ కాలం నిష్కళంకంగా ఉంటే వారే పెద్ద."

"మరి నా చరిత్రా నిష్కళంకమేగా? నాకు నేనే పెద్ద దిక్కు కాకూడదా?"

"ఒక్కరే ఉంటే ఎలా కుదురుతుంది? పెద్ద అంటే కనీసం ఇంకొకరికంటే పెద్ద కావాలి గదా. పోల్చి చూడవలెను." తరువాత వేలెత్తి హెచ్చరించారు. "ఇంకొకటి. కారులో ఉండగా చిన్న గీత పడినా సరే, లోపల ఉన్న పెద్దలందరికీ సమష్టి బాధ్యత. అందరి చరిత్రా ఆ క్షణంలో సున్నా అయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. తప్పించుకోవడానికి వీల్లేదు. నాతో సహా ఎవరికీ మినహాయింపు లేదు."

నా ఒక్కడి వల్ల ప్రీమియం సగమైంది. ఆ సగం కూడా మాకు అందేదానికి చాలా పైనే ఉంది. ఇంకో ఇద్దరు పెద్దలు ఎక్కితే అందుతుందని తేలింది.

ఈ మాట విని మస్తాన్ మొహం వెలిగిపోయింది.

"అయితే చిన్న బండెందుకండీ? ఏడు సీట్లది తీసుకోండి. ఆరుగురు పెద్దోళ్లు పడతారు. ఇన్సూరెన్సు ఇంకా పడిపోద్ది. అసలు నన్నడిగితే మొదటి బండిగా పాత స్కూలు బస్సంత చవక ఇంకోటి లేదండి. నలభై మంది పడతారు. డాక్టరుగారిదే!"

డాక్టరుగారికి స్కూలు బస్సు ఎందుకని అడగలేదు. నిజమేనేమోనని ఫోను చేసి పినాకపాణి గారిని అడిగాను. ఆయన లెక్క వేసి, నలభై మంది 'అ' గ్రేడు పెద్దలు ఎక్కితే కంపెనీయే ఏటేటా మాకు ఎదురు కట్టవలసి వస్తుందని, ఆ విషయం పై అధికారులకు రాసి స్పష్టత తెప్పిస్తానని చెప్పారు.

"నాకు ఆ తెల్ల కారే కావాలి," అంది సంహిత. ఆ గొంతు విన్నాక మస్తాన్ బస్సు ఊసు మళ్లీ ఎత్తలేదు.

పెద్దల వేటలో పడ్డాం. మా ఎదురింటి లారీ డ్రైవరు అప్పలకొండ కాశ్మీరు దాకా వెళ్లి వచ్చినవాడు. అతను 'ళ' గ్రేడు. ఎప్పుడో నాగపూరు దగ్గర ఒక గేదె వచ్చి బంపరుకు గుద్దుకుందట. నడిపినవాడు ఎవడైనా ఎక్కడో ఒకచోట దేన్నో ఒకదాన్ని గుద్దే ఉంటాడు. కాబట్టి 'అ' గ్రేడు అంటే కారు నడపడం రానివాళ్లని ఊరంతా త్వరలోనే గ్రహించింది. మాలాంటివాళ్లకు గిరాకీ ఎక్కువైంది. పార్కులో నా పక్కన కూర్చునే ముసలాయన్ని ఎవరో ఇంజనీరింగు కుర్రాడు కాళ్లకు దణ్ణం పెట్టి మరీ కారెక్కించుకుపోయాడు.

చివరికి మాకు ఇద్దరు దొరికారు. ఒకరు రిటైర్డ్ తహసీల్దారు పాండురంగారావు గారు. గవర్నమెంటు జీపు వెనక సీట్లో ఉద్యోగమంతా గడిపిన మనిషి. కిటికీ పక్క సీటు, తొమ్మిదింటికి టిఫిను ఆయన షరతులు. రెండోది మా కనకదుర్గ పిన్ని. ఒకప్పుడు మహిళా మండలి వాళ్లు అందరికీ ఇప్పిస్తుంటే తనూ లైసెన్సు తీసుకుని బీరువాలో పట్టుచీర మడతల్లో దాచుకుంది. ముందు సీట్లో నేను, వెనక వాళ్లిద్దరు, వాళ్ల మధ్య బెల్టు కట్టిన మిషను. తాత్కాలిక పాలసీ చేతికి వచ్చింది.

ఒకటో తారీఖుకు ముందు ఆసుపత్రి వాళ్లు ఒక చిన్న ట్రయల్ పెట్టారు. దెందులూరు వైపు ఒక పల్లె బడి. కారు మా సందు దాటకముందే పెద్దరికం మొదలైంది.

"హారన్ కొట్టమ్మాయ్," అన్నారు తహసీల్దారు గారు.

"రోడ్డు మీద ఎవరూ లేరండి."

"లేనప్పుడే కొట్టాలి. ఉన్నప్పుడు కొడితే వాళ్లు కంగారుపడతారు."

"ఆ ఆటోవాణ్ణి పోనీవే తల్లీ. ఆ వెనకవాణ్ణి కూడా పోనీ. అందర్నీ పోనీ," అంది పిన్ని. సంహిత అందర్నీ పోనిచ్చింది. ఎడ్లబండి కూడా మమ్మల్ని దాటి వెళ్లింది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? ఉత్తమ డ్రైవరును. "గేరు మార్చాలేమోనమ్మా," అన్నాను. ఏ గేరులో ఉందో, ఏ గేరులోకి మార్చాలో నాకు తెలియదు. అయినా ఆ సీట్లో కూర్చున్నవాడికి ఆ మాట అనాలనిపిస్తుంది. దారిలో వంకాయలు లేతగా ఉన్నాయని పిన్ని ఒకచోట ఆపించింది. టిఫినుకు తహసీల్దారు గారు ఇంకోచోట ఆపించారు. బడికి చేరేసరికి ఆసుపత్రి డాక్టరమ్మ గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

పరీక్ష మొదలైంది. పిల్లవాడి చెవులకు హెడ్‌ఫోన్ పెడతారు. అందులో సన్నగా చప్పుడు వినిపిస్తే వాడు చెయ్యి ఎత్తాలి. గది నిశ్శబ్దంగా ఉండాలి. పెద్ద దిక్కులం కదా, యువ చోదకురాలిని వదిలి ఉండకూడదేమోనని మేమూ గది గుమ్మంలోనే కూర్చున్నాం.

"అమ్మాయ్, ఇంకా ఎంతసేపు?" అన్నారు తహసీల్దారు గారు. పిల్లవాడు చెయ్యి ఎత్తాడు.

"ఆ పిల్లాడు ఎవరబ్బాయో, ముద్దుగా ఉన్నాడు," అంది పిన్ని. మళ్లీ ఎత్తాడు.

"ష్! మాట్లాడకండి!" అన్నాను నేను. రెండు చేతులూ ఎత్తాడు.

డాక్టరమ్మ సంహితను పక్కకు పిలిచి మెల్లగానే చెప్పింది. "నీ పని బాగుందమ్మా. కాని ఒకటో తారీఖున కూడా ఇలా బంధువుల్ని వేసుకుని వస్తే నేనేం చెయ్యలేను." ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది. నా చెవులు బాగానే ఉన్నాయి.

తిరిగి వచ్చాం. సాయంత్రం అక్క వాళ్లింటికి వెళితే పిల్ల లోపల లేదు. వాకిట్లో ఆపి ఉన్న కారులో, అద్దాలన్నీ ఎత్తుకుని, ఊరికే కూర్చుని ఉంది. అద్దం మీద తట్టాను.

"ఏంటమ్మా ఇక్కడ?"

"ఏం లేదు మావయ్యా. ఇందులో నేనొక్కదాన్నే ఉంటే ఎలా ఉంటుందో చూద్దామని."

నా ప్రాణం ఉసూరుమంది. ఆ పిల్లకు రోడ్డంటే భయం లేదు, కారంటే భయం లేదు. భయమంతా మేమే. మర్నాడు పొద్దున్నే మండలి ఆఫీసుకు వెళ్లి, పెద్దల్ని తగ్గించే దారి ఏదైనా ఉందా అని పినాకపాణి గారిని బతిమాలాను.

ఆయన నాకోసమే ఎదురుచూస్తున్నట్టు సొరుగులోంచి ఒక కాగితం తీశారు.

"సరియైన తరుణంలో విచ్చేశారు. మండలి తాజా అధ్యయనం వచ్చినది. ప్రమాదం జరిగిన ప్రతి కారులోనూ డ్రైవరు సీట్లో ఎవరో ఒకరు కూర్చుని ఉన్నట్టు తిరుగులేకుండా రుజువైనది."

"అవునండి. ఉంటారు కదా," అన్నాను.

"కనుక కారులో అత్యంత ప్రమాదకరమైన స్థానం డ్రైవరు సీటు. అత్యంత ప్రమాదకరమైన స్థానంలో అత్యంత సురక్షితమైన వ్యక్తి ఉండవలెను. అనగా 'అ' గ్రేడు పెద్ద దిక్కు స్టీరింగు ముందు కూర్చున్న యెడల మిగతా పెద్దల అవసరమే లేదు. ప్రీమియం నామమాత్రం. యువ చోదకురాలు పక్కన కూర్చుని తమ నుంచి నేర్చుకుంటుంది."

"నా నుంచా! నాకు క్లచ్ ఎక్కడుంటుందో కూడా తెలియదండి."

"తమ రికార్డు తెలుసునంటున్నది. తమ వినయం కంటే రికార్డునే మేము విశ్వసిస్తాం. పథకాన్ని ఒకటో తారీఖు పొద్దున ఎనిమిదింటికి మా ప్రాంగణంలోనే ప్రారంభిస్తున్నాం. తమ కారే మొదటి కారు. తమరు నాలుగు గజాలు నడిపితే చాలు, శాశ్వత పాలసీ తమ చేతిలో పెడతాను."

తాత్కాలిక పాలసీ ముప్పయ్యో తారీఖుతో అయిపోతుంది. ఇంకో దారి లేదు. ఇంటికి వచ్చి సంహితకు చెప్పాను. అది కాసేపు నవ్వింది, తరువాత ఆలోచించింది.

"సరే మావయ్యా. నువ్వు స్టార్ట్ చేసి, కొంచెం కదిలించి ఆపేయ్. కాగితం చేతికి రానీ. మిగతాది తరువాత చూద్దాం." మూడు పూటలు నేర్పింది. "ఒకటే గుర్తుపెట్టుకో. హ్యాండ్ బ్రేకు లేదు కాబట్టి బండి గేర్లో ఉంటుంది. ఎడమ కాలితో క్లచ్ పూర్తిగా తొక్కి, అప్పుడే తాళం తిప్పు."

ఒకటో తారీఖు వచ్చింది. మండలి ప్రాంగణంలో షామియానా వేశారు. దాని ముందు మా తెల్ల కారు, పూలదండలు, పసుపు బొట్లు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. పది గంటలకు క్యాంపు ఉంది కనుక సంహిత తెల్లకోటు వేసుకుని సిద్ధంగా వచ్చింది. మిషను వెనక సీట్లో బెల్టు కట్టి ఉంది. దానికి చెరోవైపు తహసీల్దారు గారు, పిన్ని ముందే ఎక్కి కూర్చున్నారు. ఇక వాళ్ల అవసరం లేదని ఎంత చెప్పినా, ఫొటోలు తీస్తున్నప్పుడు దిగమంటే ఎవరు దిగుతారు? ముందు సీట్లో సంహిత ఎక్కబోతుంటే పినాకపాణి గారు సున్నితంగా ఆపారు.

"అమ్మా, ఈ చారిత్రక ఘట్టంలో మండలి తరఫున నేనుండాలి. నాదీ 'అ' గ్రేడే. తమరు బయటినుంచి పరిశీలించి నేర్చుకోండి."

అలా ఆ కారులో నలుగురు పెద్దలం ఉన్నాం. కారుగల పిల్లకు మాత్రం సీటు లేకపోయింది. కిటికీలోంచి వంగి, "క్లచ్, మావయ్యా," అంది మెల్లగా.

నాదస్వరం మొదలైంది. పూజారి గారు కొబ్బరికాయ కొట్టారు. పినాకపాణి గారు కిటికీలోంచి తల బయటకు పెట్టి, భావితరాల భద్రతకు పూర్వతరాల అనుభవమే సోపానమని మొదలుపెట్టారు. వెనకనుంచి తహసీల్దారు గారు "హారన్ కొట్టండి మాస్టారూ" అన్నారు. "అందర్నీ పోనివ్వరా అబ్బాయ్" అంది పిన్ని. పచ్చజెండా ఊగింది. ఇన్ని మాటల మధ్య నాకు వినవలసిన ఒక్క మాట వినపడలేదు. తాళం తిప్పాను.

కారు ఎగిరి దూకింది. నిమ్మకాయలు నలిగాయి. అక్కడితో ఆగి ఉంటే శుభమే అయ్యేది. ఎదురుగా ఉన్న షామియానా గుంజకు బంపరు తగిలింది. గుంజ వంగింది, పందిరి మొత్తం నెమ్మదిగా, ఎంతో మర్యాదగా మా మీదికి దిగింది. ఇంజను ఆగిపోయింది. నాదస్వరం ఇంకో రెండు స్వరాలు వాయించి అదీ ఆగింది.

బట్ట కింది నుంచి ఒక్కొక్కరం బయటపడ్డాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సంహిత మా అందరికంటే ముందు మిషను బెల్టు చూసుకుంది. అది పదిలంగా ఉంది. బంపరు మీద మాత్రం జానెడు గీత పడింది.

నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. పిల్ల ఉద్యోగం నా కాలి కిందే నలిగిందనుకున్నాను. "నన్ను క్షమించమ్మా," అన్నాను. అది నా భుజం మీద పడిన పూలరేకులు దులిపింది. దాని చూపంతా పినాకపాణి గారి మీద ఉంది.

ఆయన తలమీద చిక్కుకున్న తోరణం తీసుకుని, కళ్లజోడు సరిచేసుకుని బంపరు వైపు చాలాసేపు చూశారు. ఒక్క మాట ఒప్పుకోవాలి. మనిషి ఎలాంటివాడైనా రూలు దగ్గర తన పర అన్న భేదం లేదు.

"చలపతి మాస్టారు, సున్నా. పాండురంగారావు గారు, సున్నా. కనకదుర్గ గారు, సున్నా." చేతిలోని తోరణం పక్కన పెట్టారు. "పినాకపాణి. సున్నా."

"సార్, ఇప్పుడు నా కారుకు పెద్ద దిక్కు ఎవరు?" అంది సంహిత.

"ఇక్కడ ఉన్నవారిలో నిష్కళంక చరిత్ర గల లైసెన్సుదారు ఎవరైనా ఉన్నారా?" అని ఆయన ప్రాంగణమంతా కలియజూశారు. పూజారి గారికి లైసెన్సు లేదు. నాదస్వరం వాళ్లు ఆటోలో వచ్చారు.

హెడ్‌ఫోన్‌లో చప్పుడు విన్న పిల్లల్లా సంహిత నిటారుగా చెయ్యి ఎత్తింది.

"ఎనిమిది నెలలు సార్. గీత కూడా లేదు. కారు గీసుకున్నప్పుడు నేను లోపల లేను. పోల్చి చూడాలన్నారుగా, ఇదిగో నలుగురున్నారు."

పినాకపాణి గారు మనసులోనే నిబంధనలన్నీ మొదటినుంచీ చదువుకున్నట్టున్నారు, పెదవులు కదిలాయి. ఎక్కడా అడ్డం తగల్లేదు. నిట్టూర్చి, బానెట్ మీదే కాగితం పెట్టి రాశారు. సదరు సంహిత గారు నలుగురు లైసెన్సుదారుల కంటే పెద్ద దిక్కు అయినందునను, పెద్ద దిక్కు డ్రైవరు సీట్లో కూర్చున్నప్పుడు వేరే పెద్దల అవసరం లేనందునను, నామమాత్రపు ప్రీమియంపై శాశ్వత పాలసీకి సిఫార్సు చేయడమైనది. ముద్ర వేసి చేతికిచ్చారు.

సంహిత కారు మీది బట్ట లాగేసి, డ్రైవరు సీట్లో కూర్చుంది. క్లచ్ తొక్కింది. తాళం తిప్పింది. ఆ క్రమంలోనే. కారు గేటు దాకా వెళ్లాక పినాకపాణి గారికి ఏదో గుర్తొచ్చి వెనకే పరిగెత్తారు.

"అమ్మా! నా చరిత్రయును సున్నా అయినది. పెద్ద దిక్కు లేనిదే నా కారు కదపకూడదు. స్వగృహానికి చేరుట ఎట్లు?"

"పిల్లలు ఎదురుచూస్తుంటారు సార్. సాయంత్రం వచ్చి దింపుతాను. అందాకా నీడలో కూర్చోండి," అని వెళ్లిపోయింది. ఒక్కతే వెళ్లింది. కారులో ఒక మనిషి, ఒక మిషను. అంత అందమైన దృశ్యం నేను ఈ మధ్య చూడలేదు.

తహసీల్దారు గారు, పిన్ని టిఫిను వేళకు ఆటో ఎక్కేశారు. నేను పినాకపాణి గారికి తోడుగా ఉండిపోయాను. వంగిన గుంజకు ఆనుకుని ఇద్దరం సాయంత్రం దాకా కూర్చున్నాం. ఆయన మధ్యాహ్నం ఒకసారి, "ఈ నిబంధనల్లో ఎక్కడో చిన్న లోపం ఉన్నదేమోనండి," అన్నారు. ఆయన నోట నేను విన్న మొదటి మామూలు మాట అదే.

ఐదింటికి తెల్ల కారు వచ్చింది. సంహిత మొహం వడలిపోయి ఉంది గాని కళ్లు మెరుస్తున్నాయి.

"అయిందా అమ్మా?"

"అయింది మావయ్యా. డాక్టరమ్మ రేపట్నించి వచ్చెయ్యమంది. మొద్దని వెనక బెంచీలో కూర్చోబెట్టిన పిల్లొకతి ఉంది. దానికి ఎడమ చెవి వినపడట్లేదంతే. ముందు బెంచీకి మార్పించి వచ్చా."

నేను ముందు ఎక్కాను. పినాకపాణి గారు వెనక, మిషను పక్కన ఒదిగి కూర్చున్నారు. కారు సాఫీగా సాగుతోంది. పవరుపేట మలుపు దగ్గర ఒక ఆటో అడ్డం వచ్చింది. "గేరు" అనబోయి నేను నోరు నొక్కుకున్నాను. పినాకపాణి గారు ఆపుకోలేకపోయారు.

"అమ్మా, ఇక్కడ బ్రేకు..."

సంహిత అప్పటికే బ్రేకు వేసి, ఆటోను పోనిచ్చి, మళ్లీ కదిలించింది. అద్దంలోంచి వెనక్కి చూసింది.

"సార్, మీ గ్రేడెంత?"

ఆయన ఇల్లు వచ్చేదాకా ఆ కారులో ఇంజను చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు.